‘వద్దు’ అనే బటన్ చరిత్ర: విండోస్ పాప్-అప్‌లు, వాటిని ఆపిన చిన్న ప్రోగ్రాములు (2002–2016)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలు వివరించగలుగుతారు.

• ఆపరేటింగ్ సిస్టమ్ అడగకుండానే తెరమీదకు తెచ్చే పాప్-అప్ పెట్టెలు ఏ అవసరం కోసం పుట్టాయి, ఎలా మారాయి
• వాటిని ఆపడానికి వచ్చిన చిన్న ప్రోగ్రాములు ఏం చేశాయి, ఎలా చేశాయి
• 2015–16లో విండోస్ 10 ఉచిత అప్‌గ్రేడ్ చుట్టూ జరిగిన వివాదంలో ‘సమ్మతి’ అనే భావన ఎందుకు ముఖ్యమైంది
• సాధారణ వాడుక వస్తువును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలి

1. పరిచయం

మీరు కంప్యూటరు ముందు కూర్చుని అసైన్‌మెంటు టైపు చేసుకుంటున్నారనుకుందాం. వాక్యం సగంలో ఉండగా తెరమీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. అందులో నాలుగు పంక్తులు, కింద రెండు బటన్లు ఉంటాయి. మీరు చదవరు. చేయి దానంతటదే కదిలి ఏదో ఒక బటన్ నొక్కేస్తుంది, పెట్టె పోతుంది. ఆ పెట్టె ఏమడిగింది, మీరేమని జవాబిచ్చారు అని ఒక నిమిషం తరువాత ఎవరైనా అడిగితే మీరు చెప్పలేరు.

ఈ అలవాటు మనలో పుట్టుకతో వచ్చినది కాదు. దీనికి ఒక చరిత్ర ఉంది. దాదాపు పదిహేనేళ్ల కాలంలో కంప్యూటర్లు మనకు ఈ అలవాటు నేర్పాయి. ఆ క్రమంలో మూడు ఘట్టాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఒక్కొక్క ఘట్టంలోనూ ఆపరేటింగ్ సిస్టమ్ తెరమీదకు తెచ్చిన ఒక పాప్-అప్, దాన్ని ఆపడానికి బయటివారు రాసిన ఒక చిన్న ప్రోగ్రాము కనిపిస్తాయి. మూడో ఘట్టాన్ని, అంటే విండోస్ 10 వివాదాన్ని, కొంత వివరంగా చూద్దాం.

చరిత్ర విద్యార్థులకు ఈ విషయం ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. శాసనం ద్వారా రాజు ఏం ఆజ్ఞాపించాడో తెలుస్తుంది. ఆ ఆజ్ఞను జనం ఎలా తప్పించుకున్నారో తెలుసుకోవడానికి వేరే ఆధారాలు వెతుక్కోవాలి. ఈ చిన్న ప్రోగ్రాములు ఆ రెండో రకం ఆధారాలు.

2. పెట్టె ఎందుకు పుట్టింది

1984లో ఆపిల్ సంస్థ మాకింటోష్ కంప్యూటరును, 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ మొదటి వెర్షన్‌ను విడుదల చేశాయి. కిటికీలు, బొమ్మలు, మౌస్‌తో పనిచేసే కంప్యూటర్లు సామాన్యుల చేతికి వచ్చిన కాలం అది. మనిషికీ యంత్రానికీ మధ్య సంభాషణ జరగడానికి డైలాగ్ పెట్టె అవసరమైంది. ‘ఈ ఫైలును సేవ్ చేయకుండానే మూసేయమంటారా?’ అని యంత్రం అడగకపోతే మీ రోజంతా చేసిన పని పోతుంది. కాబట్టి ఆ పెట్టె మొదట మన మేలు కోరి వచ్చినదే.

అయితే దానికి రెండు లక్షణాలున్నాయి. మొదటిది, అది చేస్తున్న పనికి అడ్డం వస్తుంది. జవాబిస్తే తప్ప ముందుకు పోనివ్వదు. రెండోది, అది మన జవాబును నమోదు చేసుకుంటుంది. ‘సరే’ నొక్కిన క్షణం నుంచి యంత్రం దృష్టిలో మనం ఒప్పుకున్నట్టే. చదివి ఒప్పుకున్నామా, విసిగి ఒప్పుకున్నామా అన్నది దానికి తెలియదు. ఈ రెండు లక్షణాలను గుర్తు పెట్టుకోండి. తరువాతి కథంతా వీటిమీదే నడుస్తుంది.

3. మొదటి ఘట్టం: మెసెంజర్ సర్వీసు (2002–2004)

విండోస్ ఎన్‌టీ, 2000, ఎక్స్‌పీ వెర్షన్లలో ‘మెసెంజర్ సర్వీసు’ అనే సదుపాయం ఉండేది. స్నేహితులతో కబుర్లు చెప్పుకునే మెసెంజర్‌తో దీనికి సంబంధం లేదు. ఒక కార్యాలయంలో వంద కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయనుకోండి. ‘పది నిమిషాల్లో సర్వర్ ఆపుతున్నాం, పని సేవ్ చేసుకోండి’ అని అందరికీ ఒకేసారి చెప్పాలి. నిర్వాహకుడు ‘నెట్ సెండ్’ అనే ఆదేశం ఇస్తే అందరి తెరమీదా ఒక పెట్టె తెరుచుకునేది. నాలుగు గోడల మధ్య ఇది ఉపయోగకరమైన ఏర్పాటు.

ఇంటింటికీ ఇంటర్నెట్ వచ్చేసరికి ఆ నాలుగు గోడలు లేకుండాపోయాయి. విండోస్ ఎక్స్‌పీలో ఈ సర్వీసు దానంతటదే నడుస్తూ ఉండేది. ఇంటర్నెట్‌కు నేరుగా కలిపిన కంప్యూటరుకు ప్రపంచంలో ఎక్కడినుంచైనా ఆ పెట్టె పంపవచ్చునని 2002లో వ్యాపార ప్రకటనలవారు కనిపెట్టారు. వెబ్ బ్రౌజరు తెరవకపోయినా, ఈమెయిలు లేకపోయినా తెరమీద ప్రకటన వచ్చి పడేది. పైగా అది విండోస్ సొంత పెట్టెలోనే వచ్చేది కనుక యంత్రమే మాట్లాడుతున్నదని చాలామంది నమ్మేవారు.

కాలిఫోర్నియాకు చెందిన ప్రోగ్రామర్ స్టీవ్ గిబ్సన్ అప్పటికే హార్డ్ డిస్కులను సరిచేసే ‘స్పిన్‌రైట్’ ప్రోగ్రాముతో పేరు పొందినవాడు. ఆయన ‘షూట్ ది మెసెంజర్’ అనే చిన్న ఉచిత ప్రోగ్రామును రాశాడు. దాన్ని ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. తెరిచి ఒక బటన్ నొక్కితే మెసెంజర్ సర్వీసు ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే తిరిగి మొదలవుతుంది. నిజానికి ఆ పని విండోస్ సెట్టింగుల్లోనే చేసుకోవచ్చు. కాని ఎక్కడ చేసుకోవాలో సామాన్య వినియోగదారుకు తెలియదు. తెలియని చోట ఉన్న స్విచ్‌ను కళ్ల ఎదుటికి తేవడమే ఈ ప్రోగ్రాము చేసిన సేవ.

ఇక్కడ మరో మలుపు ఉంది. 2003 నవంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ శాన్ డియాగోలోని ఒక సంస్థపై కోర్టుకు వెళ్లింది. ఆ సంస్థ మెసెంజర్ సర్వీసు ద్వారా జనం తెరలమీదకు పదేపదే పెట్టెలు పంపేది. ఆ పెట్టెల్లో ఉన్న ప్రకటన ఏమిటో తెలుసా? అటువంటి పెట్టెలు రాకుండా ఆపే సాఫ్ట్‌వేర్‌ను 25 నుంచి 30 డాలర్లకు కొనుక్కోమని! ఊళ్లో పాములను తానే వదిలి, పాములవాడినంటూ ఇంటింటికీ తిరిగినట్టుంది ఈ వ్యవహారం. ఆ కేసు 2004లో రాజీతో ముగిసింది.

అదే సమయంలో అమెరికాలోని ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ ఇంకో దారి తొక్కింది. 2003 అక్టోబరులో తన చందాదారుల కంప్యూటర్లలో మెసెంజర్ సర్వీసును తానే ఆపివేసింది, వారిని అడగకుండానే. చేసిన పని మంచిదే. అయినా నా కంప్యూటరులోని సెట్టింగును నన్ను అడగకుండా మార్చే హక్కు మీకెక్కడిది అని కొందరు ప్రశ్నించారు. ఈ ప్రశ్న పన్నెండేళ్ల తరువాత మరింత గట్టిగా వినిపిస్తుంది.

చివరకు 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ ఆ సర్వీసును అప్రమేయంగా నిలిపివేసింది. తరువాతి విస్టా వెర్షన్‌లో దాన్ని పూర్తిగా తొలగించింది. బయటి ప్రోగ్రామర్లు చూపిన పరిష్కారం ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి చేరింది.

4. రెండో ఘట్టం: విస్టా అనుమతి పెట్టెలు (2007–2009)

మొదటి ఘట్టంలో పాప్-అప్ పంపినవారు బయటివారు. రెండో ఘట్టంలో పంపింది ఆపరేటింగ్ సిస్టమే. అదీ మన రక్షణ కోసమే.

2007 జనవరి 30న విండోస్ విస్టా సామాన్య వినియోగదారులకు విడుదలైంది. అందులో ‘యూజర్ అకౌంట్ కంట్రోల్’ అనే కొత్త ఏర్పాటు ఉంది. ఏ ప్రోగ్రామైనా సిస్టమ్‌లో కీలకమైన మార్పు చేయబోతే తెర నల్లబడి, ‘దీన్ని మీరే మొదలుపెట్టారా, కొనసాగించమంటారా?’ అని అడిగేది. వైరస్‌లు చాటుగా పని చేసుకుపోకుండా ఆపడానికి ఇది సరైన ఆలోచనే. కాని అప్పటి ప్రోగ్రాములు ఎన్నో చిన్నచిన్న పనులకు కూడా పూర్తి అధికారాలు కోరేవి. ఫలితంగా ఆ ప్రశ్న రోజుకు ఎన్నోసార్లు ఎదురయ్యేది. ఆపిల్ సంస్థ తన టీవీ ప్రకటనలో దీన్ని ఎగతాళి కూడా చేసింది.

2008 ఏప్రిల్‌లో ఆర్‌ఎస్‌ఏ భద్రతా సదస్సులో మైక్రోసాఫ్ట్‌కు చెందిన డేవిడ్ క్రాస్ ఒక ఆశ్చర్యకరమైన విషయం చెప్పాడు. వినియోగదారులను విసిగించడం ఈ ఏర్పాటు ఉద్దేశాల్లో ఒకటని ఆయన మాటల సారాంశం. విసిగిన వినియోగదారులు సాఫ్ట్‌వేర్ సంస్థలను నిలదీస్తారు, ఆ సంస్థలు తమ ప్రోగ్రాములను సరిచేసుకుంటాయి అన్నది తర్కం. ఈ తర్కం కొంతవరకు ఫలించింది కూడా. ఇటువంటి ప్రశ్న రప్పించే ప్రోగ్రాములు, పనుల సంఖ్య 7,75,312 నుంచి 1,68,149కి తగ్గినట్టు మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2008లో ప్రకటించారు.

అయితే ఈలోగా వినియోగదారులు మరొకటి నేర్చుకున్నారు. ప్రశ్న చదవకుండా ‘కొనసాగించు’ నొక్కడం నేర్చుకున్నారు. ‘ట్వీక్‌యూఏసీ’ వంటి చిన్న ప్రోగ్రాములు వచ్చాయి. రక్షణ ఏర్పాటును అలాగే ఉంచి ప్రశ్నలను మాత్రం కనిపించకుండా చేసే ‘నిశ్శబ్ద’ పద్ధతి అందులో ఉండేది. అంటే మనిషి తరఫున ప్రోగ్రామే ‘సరే’ అనేది. అప్పటికే చదవకుండా నొక్కుతున్న మనిషికీ దీనికీ పెద్ద తేడా లేదు. 2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ నాలుగు స్థాయిల సర్దుబాటు ఇచ్చింది. ఎంత అడగాలో వినియోగదారే నిర్ణయించుకోవచ్చు. ఈసారి కూడా బయటివారు చేసిన పని లోపలికి వచ్చింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
అ) మెసెంజర్ సర్వీసు అసలు ఉద్దేశం ఏమిటి? అది ఎందుకు దుర్వినియోగమైంది?
ఆ) మొదటి, రెండో ఘట్టాల్లోని పాప్-అప్‌లకు మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?

5. మూడో ఘట్టం: విండోస్ 10 ఆహ్వానం (2015–2016)

5.1 సంస్థ ఉద్దేశం

విండోస్ 7 జనానికి నచ్చింది. నచ్చినదాన్ని ఎవరూ తొందరగా వదలరు. 2012లో వచ్చిన విండోస్ 8కు అంత ఆదరణ దక్కలేదు. 2015 జులై 29న విండోస్ 10ను విడుదల చేస్తూ మైక్రోసాఫ్ట్, విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి ఒక సంవత్సరం పాటు దాన్ని ఉచితంగా ఇస్తామంది. రెండు మూడేళ్లలో వంద కోట్ల పరికరాలమీద విండోస్ 10 ఉండాలన్న లక్ష్యాన్ని ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ప్రకటించింది.

సంస్థ వైపు న్యాయం కూడా చూడాలి. ఒకేసారి అనేక పాత వెర్షన్లకు భద్రతా సవరణలు తయారుచేయడం ఖర్చుతో కూడిన పని. కొత్త వెర్షన్‌లో రక్షణ ఏర్పాట్లు మెరుగ్గా ఉన్నాయి. అందరూ ఒకే వెర్షన్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ రాసేవారికీ సులభం. వివాదం ఈ ఉద్దేశం గురించి రాలేదు, అడిగిన తీరు గురించి వచ్చింది.

5.2 అడిగిన తీరు

2015లో ‘కేబీ 3035583’ అనే సంఖ్యతో ఒక అప్‌డేట్ విండోస్ 7, 8.1 కంప్యూటర్లలోకి చేరింది. దానితో పాటు ‘జీడబ్ల్యుఎక్స్’ అనే చిన్న ప్రోగ్రాము వచ్చింది. ‘గెట్ విండోస్ 10’ అనడానికి అది పొట్టిపేరు. చివరి అక్షరం రోమన్ అంకెల్లో పదిని సూచిస్తుంది. జూన్ నుంచి అది తెర కింది మూలలో తెల్లని విండోస్ గుర్తుగా కూర్చుని, కొత్త వెర్షన్‌కు ఆహ్వానిస్తూ ఉండేది. దాన్ని మూసినా మళ్లీ వచ్చేది.

సెప్టెంబరు నాటికి మరో విషయం బయటపడింది. విండోస్ 10 కావాలని కోరనివారి కంప్యూటర్లలో కూడా దాని ఫైళ్లు ముందుగానే డౌన్‌లోడ్ అవుతున్నాయి. వాటి పరిమాణం మూడున్నర నుంచి ఆరు గిగాబైట్ల వరకు ఉండేది. మైక్రోసాఫ్ట్ దీన్ని ధ్రువీకరించింది. ఇంటర్నెట్‌ను లెక్కబెట్టుకుని వాడుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో చౌక డేటా విరివిగా అందుబాటులోకి వచ్చినది 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాతే. అంతకుముందు డాంగుల్ పెట్టుకుని నెలకు ఒకటి రెండు గిగాబైట్లతో సరిపెట్టుకున్న ఇళ్లు మీకు గుర్తుండవచ్చు.

2016 ఫిబ్రవరిలో విండోస్ 10ను ‘సిఫారసు చేసిన’ అప్‌డేట్‌గా మార్చారు. చాలా కంప్యూటర్లలో ముఖ్యమైన అప్‌డేట్లతో పాటు సిఫారసు చేసినవి కూడా వాటంతటవే దిగేలా అప్పటికే అమరిక ఉండేది. దానితో అప్‌గ్రేడ్ ప్రక్రియ తనంతట తానే మొదలవడానికి దారి ఏర్పడింది.

5.3 ఎర్రని ఎక్స్ గుర్తు

వివాదం 2016 మే నెలలో పరాకాష్టకు చేరింది. అప్పుడు వచ్చిన పెట్టెలో, మీ కంప్యూటరు ఫలానా తేదీన, ఫలానా సమయానికి అప్‌గ్రేడ్ అవుతుందని ఉండేది. బటన్లు రెండే: ‘సరే’, ‘ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయి’. తేదీ మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి వాక్యంలో ఒక చిన్న లింకు ఉండేది. ‘వద్దు’ అనే బటన్ లేదు.

బటన్ లేనప్పుడు వినియోగదారులు ఏం చేస్తారు? పై కుడి మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేస్తారు. అంతకుముందు ఇరవై ఏళ్లుగా విండోస్‌లో ఆ గుర్తుకు ఒకటే అర్థం: ‘నాకిది అక్కరలేదు, పో’. ఈ పెట్టెలో మాత్రం ఎక్స్ నొక్కితే నిర్ణయించిన తేదీ అలాగే ఉండిపోయేది. అంటే మూసేయడం ఒప్పుకోవడం కింద లెక్క. ఆ సమయం వచ్చాక కంప్యూటరు తనంతట తానే కొత్త వెర్షన్‌లోకి మారిపోయేది.

ఇక్కడ ఆగి, రెండో విభాగంలో చెప్పుకున్న లక్షణాలను మళ్లీ గుర్తు చేసుకోండి. పెట్టె మన జవాబును నమోదు చేసుకుంటుందన్నాం. ‘కాదు’ అన్న సంజ్ఞను కూడా ‘అవును’ అని నమోదు చేసుకుంటే, ఇక ఆ పెట్టె అడగడం లేదు, చెబుతోంది. వేసింది ప్రశ్నార్థకం వేషం మాత్రమే.

5.4 చిన్న ప్రోగ్రాముల ప్రవేశం

ఈ సందర్భంలో రెండు చిన్న ప్రోగ్రాములు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. మొదటిది 2015లో ఒక అమెరికన్ ప్రోగ్రామర్ విడుదల చేసిన ‘జీడబ్ల్యుఎక్స్ కంట్రోల్ ప్యానెల్’. ఇది మూలనున్న గుర్తును తొలగించేది, ముందుగా డౌన్‌లోడ్ అయిన ఫైళ్లను తుడిచేసేది. అప్‌గ్రేడ్ సెట్టింగులు మళ్లీ మారుతున్నాయేమోనని కాపలా కాసే పద్ధతి కూడా ఇందులో ఉండేది. అటువంటి కాపలా అవసరమైందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

రెండోది 2016 మార్చిలో స్టీవ్ గిబ్సన్ విడుదల చేసిన ‘నెవర్ 10’. మెసెంజర్ కాలంలో మనం చూసిన గిబ్సనే ఈయన. ఈ ప్రోగ్రాము పరిమాణం వంద కిలోబైట్ల లోపే. ఒక మామూలు ఫోను ఫొటోలో ఇది చిన్న భాగం. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. తెరిస్తే ఒక పెట్టె వచ్చి, ఈ కంప్యూటరులో విండోస్ 10 అప్‌గ్రేడ్‌కు అనుమతి ఉందా లేదా అని చెబుతుంది. కింద బటన్ నొక్కితే అనుమతి రద్దవుతుంది. మనసు మారితే మళ్లీ ఇవ్వవచ్చు. పని అయ్యాక ప్రోగ్రామును చెరిపేసినా ఫలితం నిలిచి ఉంటుంది.

ఇది ఎలా పనిచేసిందో చూద్దాం. విండోస్ తన సెట్టింగులన్నిటినీ ‘రిజిస్ట్రీ’ అనే ఒక పెద్ద పట్టికలో దాచుకుంటుంది. అందులో అప్‌గ్రేడ్‌ను నిరాకరించే ఒక విలువ, ఆహ్వానపు పెట్టెను నిలిపివేసే మరో విలువ ఉన్నాయి. కార్యాలయాల్లో వందల కంప్యూటర్లను చూసుకునే నిర్వాహకుల కోసం మైక్రోసాఫ్ట్ తన సాంకేతిక పత్రంలో వీటిని తానే ప్రచురించింది. నెవర్ 10 ఆ విలువలను సరిచేసేది. వేరే తాళం తయారుచేయలేదు, దేన్నీ బద్దలు కొట్టలేదు.

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇదే. ‘వద్దు’ అని చెప్పే మార్గం విండోస్‌లో ఉంది. కాని అది నిర్వాహకులకు తెలిసే చోట ఉంది, గృహస్థులకు కనబడే చోట లేదు. పెద్ద సంస్థలో పనిచేసే ఉద్యోగి కంప్యూటరుకు దొరికిన హక్కు, ఇంట్లో లెక్కలు రాసుకునే చిన్న వ్యాపారి కంప్యూటరుకు దొరకలేదు. ఆ తేడాను పూడ్చింది వంద కిలోబైట్లకు మించని ప్రోగ్రాము. గిబ్సన్ కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆ పెట్టెలో ఉండవలసిన మూడో బటన్‌ను ఆయన విడిగా తయారుచేసి ఇచ్చాడు.

5.5 ముగింపు

2016 జూన్‌లో ఒక తీర్పు వార్తల్లోకి వచ్చింది. కాలిఫోర్నియాలో చిన్న ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒక మహిళ, తాను కోరకుండానే మొదలైన అప్‌గ్రేడ్ వల్ల తన కంప్యూటరు పనికిరాకుండా పోయిందని చిన్న వ్యాజ్యాల కోర్టుకు వెళ్లింది. కోర్టు ఆమెకు 10,000 డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది. మైక్రోసాఫ్ట్ తన తప్పును ఒప్పుకోలేదు. వ్యాజ్యపు ఖర్చు పెంచుకోవడం ఇష్టంలేక అప్పీలు విరమించుకున్నామని చెప్పింది.

అదే నెల చివరిలో సంస్థ కొత్త పెట్టెను ప్రకటించింది. అందులో మూడు ఎంపికలు స్పష్టంగా కనిపించాయి: ఇప్పుడే అప్‌గ్రేడ్, సమయం ఎంచుకో, ఉచిత ఆహ్వానాన్ని తిరస్కరించు. ఎక్స్ గుర్తుకు పాత అర్థం తిరిగి వచ్చింది. ఉచిత గడువు ముగియడానికి అప్పటికి ఒక నెలే మిగిలి ఉంది. సెప్టెంబరులో వచ్చిన ఒక అప్‌డేట్ జీడబ్ల్యుఎక్స్‌ను కంప్యూటర్ల నుంచి తొలగించింది. ఆ ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపొసెలా, ఎక్స్ గుర్తు విషయంలో తాము హద్దు దాటామని బహిరంగంగా అంగీకరించాడు.

6. చెల్లించిన మూల్యం

ఇంతవరకు చదివితే ఇది వినియోగదారుల విజయగాథలా అనిపించవచ్చు. కాని కథ అక్కడితో ముగియలేదు.

‘నాన్నా, పులి!’ కథ మీకు తెలుసు. పిల్లవాడు ఊరికే రెండుసార్లు కేక వేశాడు. మూడోసారి నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ రాలేదు. ఆ కథలో తప్పు పిల్లవాడిదే. కాని పోయింది పొలంలోని పశువులు కూడా.

నెవర్ 10 వాడినవారికి భద్రతా సవరణలు ఎప్పటిలాగే వచ్చేవి. ఆ ప్రోగ్రాము అప్‌గ్రేడ్‌ను మాత్రమే ఆపేది. ఆ తేడా తెలియనివారు మరో మార్గం పట్టారు. విసిగిపోయి విండోస్ అప్‌డేట్ అనే ఏర్పాటునే మొత్తంగా ఆపేశారు. అప్‌డేట్ అంటే రక్షణ అన్న నమ్మకం పోయి, అప్‌డేట్ అంటే మోసం అన్న అనుమానం స్థిరపడింది.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక తీవ్రమైన లోపానికి సవరణ విడుదల చేసింది. మే 12న ‘వానాక్రై’ అనే దాడి సరిగ్గా ఆ లోపంలోంచే ప్రపంచమంతటా వ్యాపించింది. కంప్యూటరులోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు అడిగేది అది. నూట యాభైకి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని జిల్లాల కంప్యూటర్లు ఈ దాడికి గురయ్యాయి. బాధిత కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7తో నడుస్తున్నవి. మార్చి సవరణ చేరిన విండోస్ 7 కంప్యూటరుకు ఆ దాడినుంచి రక్షణ ఉండేది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ కంప్యూటర్లన్నీ విండోస్ 10 పాప్-అప్‌ల వల్లే సవరణకు దూరమయ్యాయని రాస్తే అది చరిత్ర కాదు. కార్యాలయాల్లో సవరణలను పరీక్షించి ఆలస్యంగా వేసే ఆనవాయితీ, దొంగ కాపీల వాడకం, నిర్వహణ లోపం వంటి కారణాలు అనేకం ఉంటాయి. ఒక సంఘటన తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. మనం చెప్పగలిగింది ఇంతే: వినియోగదారు అప్‌డేట్‌ను నమ్మవలసిన అవసరం అత్యధికంగా ఉన్న సమయానికి ముందు ఏడాదే ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
అ) నెవర్ 10 ప్రోగ్రాము విండోస్‌లో ఏ మార్పు చేసేది?
ఆ) అప్‌గ్రేడ్‌ను ఆపడానికీ, అప్‌డేట్లన్నిటినీ ఆపడానికీ తేడా ఏమిటి? ఆ తేడా ఎందుకు ముఖ్యం?

7. పేరు పెట్టిన తరువాత

ఒక ఇబ్బందికి పేరు లేనంత కాలం దాన్ని గురించి ఫిర్యాదు చేయడం కష్టం. వినియోగదారును తప్పుదారి పట్టించే తెర రూపకల్పనకు బ్రిటన్‌కు చెందిన హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. ఈ పేరు క్రమంగా చట్టాల్లోకి చేరింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణ, నియంత్రణ మార్గదర్శకాలను ప్రకటించింది. అందులో పదమూడు రకాలను పేర్కొన్నారు. పదేపదే అడిగి విసిగించడం వాటిలో ఒకటి. బలవంతంగా ఒక పని చేయించడం, తెరమీది అమరికతో తికమక పెట్టడం కూడా ఉన్నాయి.

2016లో ఈ మాటలు చట్టంలో లేవు. అప్పుడు సామాన్యుడికి దొరికింది ఒక ప్రోగ్రామర్ రాసిన చిన్న ఉచిత ప్రోగ్రాము మాత్రమే. చట్టం రావడానికి ముందు సమాజం తన అసమ్మతిని ఏదో ఒక రూపంలో వ్యక్తం చేస్తుంది. ఆ రూపాన్ని గుర్తించడం చరిత్రకారుడి పని.

8. ఆధారాలను ఎలా చదవాలి

ఈ పాఠంలో మనం వాడిన ఆధారాలు నాలుగు రకాలు: సంస్థ విడుదల చేసిన సాంకేతిక పత్రాలు, కోర్టు, ప్రభుత్వ వ్యవహారాలు, అధికారుల బహిరంగ ప్రకటనలు, చిన్న ప్రోగ్రాములు. మొదటి మూడింటిలో సంస్థలు మాట్లాడతాయి. నాలుగోదానిలో వినియోగదారుడి అవసరం కనిపిస్తుంది. ప్రజలకు ఏది కొరత అయిందో వారు తయారుచేసుకున్న పనిముట్టు చెబుతుంది. నీటి కొరత ఉన్న ఊళ్లో బావుల లోతు చూసి కరువును అంచనా వేసినట్టే ఇది.

ఇటువంటి ఆధారాలు త్వరగా మాయమవుతాయి. ఆ మే నెల పెట్టె ఇప్పుడు ఏ కంప్యూటరులోనూ తెరుచుకోదు. దాని తెరచిత్రాలే మనకు మిగిలాయి. తాటాకు గ్రంథాన్ని చెదపురుగు తినడానికి శతాబ్దాలు పట్టవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను తరువాతి అప్‌డేట్ ఒక్క రాత్రిలో తుడిచేస్తుంది.

9. సారాంశం

డైలాగ్ పెట్టె వినియోగదారు మేలుకోసం పుట్టింది. 2002లో బయటి ప్రకటనదారులు, 2007లో భద్రతా ఏర్పాటు, 2015–16లో సంస్థ సొంత వ్యాపార లక్ష్యం దాన్ని తమ అవసరాలకు వాడుకున్నాయి. ప్రతిసారీ ఒక చిన్న ప్రోగ్రాము దాన్ని నిలవరించింది. ప్రతిసారీ కొంత ఆలస్యంగా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పరిష్కారాన్ని తనలో కలుపుకుంది. కాని ఈలోగా చదవకుండా నొక్కే అలవాటు, నిజమైన హెచ్చరికను కూడా అనుమానించే అలవాటు జనంలో స్థిరపడ్డాయి. అనవసరంగా అడిగిన ప్రతి ప్రశ్నా, అవసరమైన ప్రశ్నకు దక్కవలసిన శ్రద్ధను కొంత ఖర్చు చేస్తుంది. ‘వద్దు’ అనే వీలు లేని చోట ‘సరే’ అనే మాటకు విలువ ఉండదు.

10. అభ్యాసం

ఒక వారం పాటు మీ ఫోనులో గాని, కంప్యూటరులో గాని అడగకుండా వచ్చిన ప్రతి పెట్టెను నోటుపుస్తకంలో నమోదు చేయండి. తేదీ, అడిగిన విషయం, ఇచ్చిన బటన్లు, మీరు నొక్కినది రాయండి. ‘వద్దు’ అనే బటన్ ఎన్నిటిలో ఉందో, ‘తరువాత చూద్దాం’ అని మాత్రమే ఎన్నిటిలో ఉందో లెక్కించండి. ఆ పట్టికను జాగ్రత్తగా దాచుకోండి. పదేళ్ల తరువాత అది ఆధారమవుతుంది.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విండోస్ 10 ఉచిత అప్‌గ్రేడ్ వివాదాన్ని ‘సమ్మతి’ అనే భావన ఆధారంగా వివరించండి.
2. పాప్-అప్‌లను ఆపే చిన్న ప్రోగ్రాములను చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగించవచ్చో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విస్టాలోని అనుమతి పెట్టెలు ఎందుకు విమర్శకు గురయ్యాయి?
2. వానాక్రై దాడికి విండోస్ 10 పాప్-అప్‌లే కారణం అనడం ఎందుకు సరికాదు?
3. 2023 మార్గదర్శకాల ప్రాధాన్యాన్ని తెలపండి.